నొప్పి లేని మధ్యాహ్నం

ఫిబ్రవరి 4

పొట్టీ,

ఆడపడుచుగారి ముఖం చూసి ఏడాది దాటింది. ఉత్తరాలు రాసుకుందామని నువ్వే అన్నావు కాబట్టి రాస్తున్నాను, లేకపోతే నీకింత మర్యాద చేయడం నా వల్ల కాదు.

నిజానికి ఫోన్‌లో నీతో మాట్లాడినట్టే ఉండదు. మీ అన్నయ్య దాన్ని స్పీకర్లో పెట్టి బల్ల మీద నిలబెడతారు. నువ్వు "వదినా, ఎలా ఉన్నావు?" అంటావు. నేను "బాగున్నానమ్మా" అంటాను. ఆయన "బాగుంది, బాగుంది" అని వంత పాడతారు. గోడకవతల పక్కింటావిడ చెవి ఆనించి వింటుంది. ఇంతమంది ముందు నా నడుము సంగతి ఏం చెప్పను?

నడుము అలాగే ఉంది. పొద్దున్నే మంచం పట్టె పట్టుకుని కాసేపు నిలబడితే తప్ప అడుగు పడదు. కూర్చుంటే కూర్చోనివ్వదు, నిలబడితే నిలబడనివ్వదు. పడుకుంటే కాస్త నయం అనుకునేలోపు పక్కకు తిరగాల్సి వస్తుంది, అప్పుడు చెబుతుంది దాని సంగతి. హోటల్ లాండ్రీలో మెషిన్లోకి వంగి తడి దుప్పట్లు లాగిన రోజు పట్టుకున్నది, ఆరేళ్ళయినా వదల్లేదు. నువ్వు ఊరు మారాక దుప్పటికి అవతలి కొస పట్టుకునే మనిషి కుదరలేదు, నా నడుమూ కుదరలేదు. చివరికి పనే మానేశాను కదా.

మాత్రలు మింగాను, బెల్టు కట్టాను, వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి తిరిగాను. ఆ అమ్మాయి "ఆంటీ, మీరు సహకరించట్లేదు" అని మొహం మాడ్చుకునేది. స్కానింగ్ తీస్తే మీ వయసు వాళ్ళందరికీ ఉండే అరుగుదలే ఉందన్నారు. అప్పటి నుంచి అందరికీ నేను లోకువైపోయాను. చెయ్యి విరిగితే కట్టు కనపడుతుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. దీనికి సాక్ష్యం ఏముంది, నా మాట తప్ప? లాండ్రీ మేనేజరు పని ఎగ్గొట్టడానికన్నాడు. పక్కింటావిడైతే "ఖాళీగా కూర్చుంటే అలాగే ఉంటుందమ్మా" అంటుంది, కూర్చోలేకే చస్తున్నానని తెలిసి కూడా.

నమ్మేది మీ అన్నయ్య ఒక్కరే. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి అలిసిపోయి వచ్చి, నా చెప్పుల పట్టీలు వంగి పెడతారు. ఆ ఒక్క మనిషి నమ్ముతున్నారు కాబట్టే ఇంకా మతి చలించకుండా ఉన్నాను పొట్టీ. ఆయన కూడా నమ్మకపోతే ఈ నొప్పి నా ఒక్కదానిదే అయిపోతుంది.

ఇప్పుడు కొత్తగా నొప్పులకే ఒక డాక్టరు వచ్చాడు. ఆపరేషన్ వద్దు, కోత లేదు, కుట్లు లేవు, అంతా సూదితోనే అంటున్నాడు. వెన్నుపూసల వెనక చిన్న చిన్న కీళ్ళుంటాయట. నొప్పి అక్కడిదైతే, దాన్ని మోసుకెళ్ళే సన్నటి నరాన్ని సూది మొనతో వేడిచేసి మాడుస్తారట. ముందు మొద్దుబారే మందు వేసి పరీక్ష చేస్తారు. అందులో తేలితేనే మాడ్చడం. భయంగా ఉంది, ఆశగానూ ఉంది. వెళ్ళనా?

నీ వదిన

ఫిబ్రవరి 11

వదినా,

వెళ్ళనా ఏమిటి, వెళ్ళు! ఇందులో అడగడానికేముంది?

మా హోటల్లో వంటాయన ఉన్నాడు, గడ్డం పెద్దాయన, నీకు చెప్పాను చూడు, నన్ను చూసినప్పుడల్లా స్టూలు కావాలా అని వెక్కిరిస్తాడు. ఆయనకు ఇదే వైద్యం చేశారట. పోయినేడు గోడ పట్టుకుని నడిచిన మనిషి ఇప్పుడు మెట్లు దిగుతూ ఈల వేస్తున్నాడు. నిన్న కూర్చోబెట్టి అడిగాను. ఏడాదికో ఏడాదిన్నరకో నరం మళ్ళీ మొలుస్తుందట, అప్పుడు మళ్ళీ చేయించుకోవాలట. అంతే కదా, ఏడాది సుఖం తక్కువా?

ఒక్కటే నా భయం. నీకు డాక్టర్ల ముందు "పర్వాలేదండీ" అనే రోగం ఉంది. పళ్ళు కొరుక్కుంటూ కూడా పర్వాలేదంటావు. అక్కడ మాత్రం మొహమాటపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇక్కడ నేను పెద్ద అధికారినయ్యాను. దుప్పట్లు మడిచే మెషిన్ ఒకటి తెచ్చి నా చేతికిచ్చారు. ఇటు వేస్తే అటు మడతపడి వస్తుంది, కాని అంచులు కలవవు. నువ్వు చూస్తే దాన్ని కూడా ఒక్కటి మొట్టేదానివి. అందుకని మంచి గదుల దుప్పట్లు ఇంకా మేము చేత్తోనే మడుస్తున్నాం. నాకిచ్చిన జోడీ తెగ మాట్లాడుతుంది, మాట మధ్యలో కొస వదిలేస్తుంది. నువ్వు బాగుపడి ఇక్కడికి రావాలి, నా ఎదురుగా నిలబడాలి, అంతే. అన్నయ్యను కూడా లాక్కురా. ఈ ఊళ్ళో చెడిపోయిన లిఫ్టులకేం కొదవ లేదు.

నీ పొట్టి

ఫిబ్రవరి 27

పొట్టీ,

నీ వంటాయన అదృష్టవంతుడు. నాకా అదృష్టం లేదు. పరీక్షలో తేలలేదు, ఈ వైద్యం నాకు కాదట.

జరిగింది చెబుతాను. మీ అన్నయ్య పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బోర్లా పడుకోబెట్టి, పైన ఎక్స్‌రే తిప్పి చూసుకుంటూ, నడుముకి రెండు వైపులా సూదులు దించారు. పెద్ద బాధేం లేదు, లోపల ఎవరో వేలితో నొక్కినట్టుంది. "ఇంటికెళ్ళి, మామూలుగా ఏ పని చేస్తే నొప్పి వస్తుందో ఆ పనులే చేసి చూడండమ్మా. సాయంత్రం సిస్టరు ఫోన్ చేసి అడుగుతుంది" అన్నాడు డాక్టరు. మీ అన్నయ్య నన్ను ఇంట్లో దింపి పనికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు చెప్పేది నీకే. ఆ మధ్యాహ్నం నాకు నొప్పి లేదు.

కుర్చీలోంచి లేచాను, ఏం కాలేదు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాను. నవ్వొచ్చింది. మంచం కింద తుడిచి ఎన్నాళ్ళయిందో, చీపురు తీసుకుని వంగి మూలమూలలూ ఊడ్చాను. పరుపు తిరగేశాను. చెప్పుల పట్టీలు నేనే పెట్టుకుని వంతెన దాకా నడిచి వచ్చాను. దారిలో పక్కింటావిడ ఎదురై "ఏంటమ్మా, పెళ్ళికూతురిలా నడుస్తున్నావు!" అంది. ఇంటికొచ్చి కింద, నేల మీద, గోడకానుకుని ఊరికే కూర్చున్నాను. పొట్టీ, ఊరికే కూర్చోవడం ఎంత బాగుంటుందో నేను మర్చేపోయాను. నా ఒళ్ళు నాకు బరువు లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సాయంత్రం సిస్టరు ఫోన్ చేసింది. "ఎంత తగ్గింది ఆంటీ?" అంది. నేను తొందరపడతానా? తడి దుప్పటి చూసి మరక పోయిందని ఎవరన్నా అంటే లాండ్రీలో ఊరుకున్నానా ఎప్పుడైనా? నూనె మరక తడిలో దాక్కుంటుంది, ఆరాక బయటపడుతుంది. నీకు నేర్పిందే నేను. "ఇప్పుడే చెప్పలేనమ్మా, రేపు పొద్దున చూసి చెబుతాను" అన్నాను. ఆ పిల్ల "ఇప్పుడే చెప్పాలి ఆంటీ" అని గునిసింది. "పూర్తిగా చూడకుండా ఎలా చెప్పమంటావు తల్లీ?" అని పెట్టేశాను.

మీ అన్నయ్య వచ్చేసరికి మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను. చెప్పాక రేపు నొప్పి మళ్ళీ వస్తే ఆయన ముఖం చూడలేను. తగ్గింది నిలబడితే చూడొచ్చు, నిలబడ్డాకే చెబుదామనుకున్నాను.

నిలబడలేదు. తెల్లారి లేచేసరికి నొప్పి ఎప్పటిలాగే పక్కలో ఉంది. సిస్టరుకి నేనే ఫోన్ చేసి "పోలేదమ్మా, అలాగే ఉంది" అన్నాను. రెండు రోజులకు కబురొచ్చింది, ఆ కీళ్ళలో లోపం లేదని తేలింది, మాడ్చడం అనవసరం అని.

మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టే చెప్పాను చూశావా. నీ మాట జవదాటలేదు.

వదిన

మార్చి 4

అయ్యో వదినా!

నీ ఉత్తరం చదివీ చదవగానే పరుగెత్తి వంటాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా తల పట్టుకున్నాడు.

అది వైద్యం కాదు వదినా, పరీక్ష! ఆ మందు సాయంత్రానికో రాత్రికో దిగిపోవాల్సిందే. దిగిపోవడంలో వింతేం లేదు. ఆ కొన్ని గంటలూ నొప్పి లేదా, ఉందా, అదొక్కటే వాళ్ళకు కావాలి. నీకు లేదు! వంతెన దాకా నడిచావు! అంటే పరీక్ష నెగ్గావు. నెగ్గి, పొద్దున్నే ఫోన్ చేసి మరీ ఓడిపోయానని చెప్పుకున్నావు. నీ మరకల చాదస్తం మండిపోను, అది దుప్పట్లకే గాని సూదులకు కాదు.

ఉత్తరం చేరేదాకా ఆగే ఓపిక లేక ఇందాకే అన్నయ్యకు ఫోన్ చేశాను. నువ్వు మేడ మీదకు వెళ్ళావన్నాడు. అంతా చెప్పేశాను. ఆ మధ్యాహ్నం నీకు నొప్పే లేదని, ఊడ్చావని, నడిచావని, తప్పు చెప్పావని. రెండుసార్లు చెప్పించుకున్నాడు పాపం. తర్వాత రేపే డాక్టర్ దగ్గరికి వెళ్తానన్నాడు. నన్ను తిట్టకు, తిట్టినా సరే.

నీ పొట్టి

మార్చి 9

పొట్టీ,

తిట్టను. కాని నీ నోట్లో నువ్వుగింజ నానదని మర్చిపోయి అన్నీ రాసుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

నువ్వు ఫోన్ పెట్టేసరికి నేను మేడ దిగి వచ్చాను. మీ అన్నయ్య కోప్పడలేదు. "నాతో ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగారు. చెప్పాను కారణం. "సరే" అన్నారు. తర్వాత ఆ మధ్యాహ్నం ఏమేం చేశావని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నారు. పరుపు ఒక్కదానివే తిరగేశావా? ఎటువైపు నుంచి? వంతెన దాకానా, వంతెన దాటా? లిఫ్టు ఎక్కడ ఆగిందో అడిగినట్టే అడిగారు. పక్కింటావిడ కూడా వచ్చి "నేను చూశానన్నయ్యా, చకచకా నడిచింది" అని సాక్ష్యం చెప్పి వెళ్ళింది. నాకెందుకో దొంగతనం చేసి దొరికినట్టయింది.

డాక్టరు మాత్రం మంచివాడు, విసుక్కోలేదు. ఎలాగూ మాడ్చేముందు రెండోసారి పరీక్ష చేయడం వాళ్ళ పద్ధతేనట. నెలాఖరుకి రమ్మన్నాడు. ఈసారి అప్పటికప్పుడు చెప్పాలని నాకు పాఠం చెప్పి, అప్పజెప్పించుకున్నాడు.

కోపం ఒక పక్కనుంటే, ఇంకో పక్క నీకో దండం పెట్టాలనీ ఉంది. ఆ మధ్యాహ్నం నాకు మళ్ళీ కావాలి. ఏడాది పాటు అలా ఉండొచ్చని ఎవరన్నా చెబితే నమ్మడం ఎంత కష్టమో, నమ్మకుండా ఉండడం అంతకంటే కష్టంగా ఉంది. అలవాటైపోయిన నొప్పిని ఎలాగో మోస్తున్నాను. ఒకసారి దించి చూశాక మళ్ళీ ఎత్తుకోవడానికి ఒళ్ళు ఒప్పుకోవడం లేదు.

వదిన

మార్చి 15

వదినా,

నోట్లో నువ్వుగింజ సంగతి ఒప్పుకున్నాను. దాని వల్లే కదా మళ్ళీ సూది దొరికింది!

మా మేనేజరుతో నీ గురించి మాట్లాడాను. దుప్పటి అంచులు నీలా కలిపేవాళ్ళు ఈ ఊళ్ళో లేరని కోతలు కోశాను. మే నెల నుంచి చోటుందన్నాడు. మా గది పక్కనే రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది, కిటికీ తెరిస్తే బస్సులు కనపడతాయి. కాస్త చప్పుడే, కాని ఎండ బాగా వస్తుంది. అన్నయ్యకు చెప్పాను. నవ్వాడు, "మీ వదిన నడుము ఏమంటుందో చూద్దాం" అన్నాడు.

ఈసారి ధైర్యంగా వెళ్ళు. ఒంటి మీద దృష్టి పెట్టి బాగా గమనించుకో. తగ్గగానే తగ్గిందని కేకెయ్యి. పక్కింటావిడకే కాదు, వీధంతా వినపడాలి.

నీ పొట్టి

ఏప్రిల్ 2

పొట్టీ,

మేనేజరుకు నా గురించి ఇక చెప్పకు. ఆ ఇల్లు కూడా ఎవరికైనా ఇచ్చెయ్యమను.

మళ్ళీ అదే బల్ల, అదే పద్ధతి. మీ అన్నయ్య ఈసారి సెలవు పెట్టి ఇంట్లోనే నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "తగ్గిందా?" అన్నారు. ఇంకా లేదన్నాను. కాసేపటికి "ఇప్పుడు?" అన్నారు. వంగాను. ఊడ్చాను. ఆయన వెనకాలే వస్తుండగా వంతెన వైపు నడిచాను, సగంలో కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాను. తగ్గలేదు పొట్టీ. పిసరంత కూడా తగ్గలేదు.

సిస్టరు ఫోన్ చేసేముందు ఒక్క క్షణం పాడు బుద్ధి పుట్టింది. తగ్గిందని ఒక్క మాటంటే చాలు, నరం మాడుస్తారు. తర్వాత సంగతి తర్వాత. కాని అబద్ధం చెప్పి ఒంట్లో నిప్పు పెట్టించుకోవడానికి నోరు రాలేదు. "లేదమ్మా" అన్నాను. మీ అన్నయ్య నా ముఖంలోకే చూస్తున్నారు.

మర్నాడు డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "మొదటిసారి తగ్గింది మందు వల్ల కాకపోవచ్చమ్మా. సూది పడింది, ఇక తగ్గుతుంది అన్న ఆశకి కూడా ఒళ్ళు నొప్పిని కాసేపు ఆపుతుంది. చాలామందికి జరుగుతుంది. మీరు నటించారని కాదు, మీ నొప్పి నిజం కాదనీ కాదు. అది ఈ కీళ్ళది కాదు, అంతే. ఇక్కడ మాడ్చి లాభం లేదు." మరి ఎక్కడిది అని అడిగాను. తెలియదన్నాడు. వేరే రకం సూదులూ, వెన్ను దగ్గర చిన్న యంత్రం అమర్చే పద్ధతులూ ఉన్నాయి గాని, నాకు పనిచేస్తాయని చెబితే మోసం చేసినట్టవుతుందన్నాడు. నిజాయితీపరుడే. ఆ నిజాయితీ తీసుకుని నేనేం చేసుకోను?

బస్సులో మీ అన్నయ్య టికెట్లు తీసుకున్నారు. తర్వాత "అంటే మనసులో ఉందన్నమాట" అన్నారు. అలా అనలేదండీ ఆయన, అన్నాను. "ఆశతో ఆగిందంటే, ఆశతో ఆగేదే కదా" అన్నారు.  ఇంటికొచ్చాక ఆయన తన లెక్కలో చెప్పారు, చాలా నెమ్మదిగా, నొప్పించకూడదనే చెప్పారు. "చూడు, తీగ తెగిన లిఫ్టు ఒక పూట దానంతటది నడవదు. నడిచిందంటే తీగ బాగానే ఉన్నట్టు. లోపల ఎవరో ఆపే బటన్ వదలకుండా నొక్కి పట్టుకున్నారన్నట్టు."

నేనే నొక్కి పట్టుకున్నానట. ఆరేళ్ళుగా.

ఆ మధ్యాహ్నం ఆయనకు తెలియకపోయి ఉంటే ఈ మాట వచ్చేది కాదు. నిన్ననడం లేదు. జరిగింది రాస్తున్నాను.

వదిన

ఏప్రిల్ 8

వదినా,

నాకు చాలా బాధగా ఉంది. అన్నయ్యతో పోట్లాడదామని ఫోన్ చేశాను. తీరా వాడు నీ గురించి ఎంత దిగులుపడుతున్నాడో విన్నాక తిట్టబుద్ధి కాలేదు. "దాని మీద కోపం కాదే, ఎలా బయటికి లాగాలో తెలియట్లేదు" అన్నాడు.

కోప్పడనంటే ఒక్కటి అడుగుతాను. ఆ మధ్యాహ్నం నిజంగా అస్సలు లేదా? లేక కొంచెం ఉన్నా సంబరంలో తెలియలేదా? అస్సలు లేకపోతే మాత్రం ఆలోచించాల్సిందే కదా. మా మేనేజరు భార్య ఏదో క్లాసుకు వెళ్తుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి చూసుకుంటూ కూర్చోవడమట. ఆవిడ తలనొప్పి దాంతోనే పోయిందట. నీకు కూడా పనికొస్తుందేమోనని అన్నయ్యతో అన్నాను. పోయేదేముంది వదినా, చూడకూడదా?

నీ పొట్టి

ఏప్రిల్ 18

పొట్టీ,

నీ ప్రశ్నకు జవాబు. ఆ మధ్యాహ్నం అస్సలు లేదు. ఇప్పుడు ఉంది. రెండూ నిజమే. అంతకంటే నాకు తెలియదు, డాక్టరుకే తెలియదు.

మీ అన్నయ్య నా చెప్పుల పట్టీలు పెట్టడం మానేశారు. కోపంతో కాదు. నవ్వుతూ గుమ్మం దగ్గర నిలబడి "నువ్వే పెట్టుకో, నువ్వు పెట్టుకోగలవు" అంటారు. పెట్టుకోగలను. పెట్టుకుని లేచేటప్పుడు గోడ పట్టుకుంటే, ఆయన ముఖం ఇంత చిన్నదవుతుంది. అందుకని గోడ కూడా పట్టుకోవడం లేదు.

కళ్ళు మూసుకుని కూర్చునే క్లాసుకు వెళ్ళాను. అందరూ కూర్చున్నారు. నేను కూర్చోలేక బయటకొచ్చాను.

నువ్వు కూడా అడుగుతావనుకోలేదు.

వదిన

మే 19

మా బంగారు వదినా!

ఉత్తరం రాయడం మానేశావేమిటా అని బెంగపడి నిన్న ఫోన్ చేస్తే అన్నయ్య గొంతు గుర్తుపట్టలేకపోయాను. నీకు నొప్పి పోయిందట! వారమైందట! చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. వెనక నుంచి నీ నవ్వు కూడా వినపడింది.

నాతో ఒక్క ముక్క చెప్పకుండా ఎలా ఉన్నావు? ఓహో, దుప్పటి ఆరాక చెబుదామనుకున్నావా? పోయిన ఉత్తరంలో నా ప్రశ్నకు నొచ్చుకున్నావని తెలుసు. ఎన్నిసార్లు జవాబు రాసి చింపేశానో. ఇప్పుడు ఇక ఆ గొడవే లేదు కదా. క్లాసుకు మళ్ళీ వెళ్ళావా? వంటాయనకు చెబితే ఈల వేశాడు. ఎలా పోయిందో మొత్తం రాయి, ఒక్కటీ వదలకు.

నీ పొట్టి

మే 27

పొట్టీ,

పోలేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యే తెచ్చి ఇచ్చారు. "చదువు చదువు, ఎంత సంతోషించిందో" అని ఎదురుగా నిలబడ్డారు. చదివి నవ్వాను. ఇది ఆయన పనికెళ్ళాక రాస్తున్నాను, కుర్చీ వెనక నిలబడి, కాగితం బీరువా మీద పెట్టుకుని.

ఈ నెల మధ్యలో ఒక రోజు పొద్దున ఆయన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నారు. "ఒంట్లో ఏం లేదండీ, డాక్టర్లు కూడా తేల్చేశారు. ఆవిడకే తెలియాలి" అన్నారు. స్పీకర్లోంచి అవతలి మనిషి "ఆడవాళ్ళతో అంతేలెండి" అని నవ్వాడు. ఈయన నవ్వలేదు. కాదని కూడా అనలేదు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. కోపం రాలేదు పొట్టీ. ఇక చాలు అనిపించింది. నొప్పిని మోయగలను. నొప్పినీ, అది ఉందని రుజువు చేసే పనినీ కలిపి మోయలేను. ఒకటి దించితే తప్ప లాభం లేదు. దించడానికి నా చేతిలో ఉన్నది రెండోదొక్కటే.

టీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి "ఏమండీ, పోయింది" అన్నాను.

"ఏం పోయింది?"

"నడుము నొప్పి. నాలుగు రోజులైంది. నిలబడుతుందో లేదోనని చెప్పలేదు."

నా అలవాటు ఆయనకు తెలుసు కాబట్టి వెంటనే నమ్మారు. కప్పు పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని, ముఖానికి ఆనించుకుని ఏడ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అలా ఏడవడం చూడలేదు. "నన్ను క్షమించు. ఈ నెలన్నరా నీకు అసలు నొప్పే లేదేమో అనుకున్నాను. పోయిందంటున్నావంటే ఉన్నట్టే కదా. ఆరేళ్ళు ఎలా భరించావే?" అన్నారు.

ఆ మాట కోసం నేను ఎంత కాచుకుని ఉన్నానో నీకు తెలుసు. నొప్పి లేదన్నాకే దక్కింది. ఆయన తల నిమురుతూ ఓదార్చాను. వంగి నిమరాల్సి వచ్చింది, చాలాసేపు ఏడ్చారు. అంతసేపూ నడుము పట్టేసే ఉంది, నేను కదల్లేదు.

ఇప్పుడు ఇల్లు చాలా సంతోషంగా ఉంది. ఆయన ఈల వేస్తున్నారు, నీ వంటాయన లాగే. పక్కింటావిడ "నేను చెప్పలేదూ" అంటోంది. లాండ్రీ మేనేజరు సోమవారం నుంచి రమ్మన్నాడు. ఆయనే వెళ్ళి మాట్లాడి వచ్చారు, ఎంత ఉత్సాహంగానో. తడి దుప్పట్లు లాగేటప్పుడు ముఖం ఎలా ఉంచుకోవాలో ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు చూసుకుంటున్నాను. పెదవులు మూసుకుంటే తెలిసిపోతోంది. కొంచెం తెరిచి, పాట పాడుకుంటున్నట్టు ఉంచితే తెలియడం లేదు.

మీ అన్నయ్యకు చెప్పకు. ఈసారి నోరు జారితే ఆయన ఇంక దేన్నీ నమ్మరు, ఉందన్నా, లేదన్నా.

నీ మీద నాకేం లేదు. నువ్వు చేసిందంతా నాకోసమే చేశావు, నాకు తెలుసు. ఈ ఒక్క ఉత్తరంలో నిజం రాయాలనిపించి రాశాను. ఇకమీదట ఉత్తరాల్లో కూడా నా నడుము గురించి అడగకు. నువ్వు అడిగితే చెప్పాలనిపిస్తుంది. చెప్పుకున్న రోజు సాయంత్రం ఆయన ఎదుట నవ్వడం నా వల్ల కాదు.

నీ వదిన